తొక్కగానే పట్టే బ్రేకు

నా తమ్ముడికి నలభై దాటాయి. ఆ వయసు మగవాళ్లు పొట్ట పెంచుకుంటారు, మోకాళ్లకు నూనె రాసుకుంటారు, పిల్లల ఫీజుల మీద సణుక్కుంటారు. మావాడు మాత్రం తుక్కు అంగట్లో పడి ఉన్న పాత చిన్న కారొకటి తెచ్చుకుని, వెనక సీట్లు పీకేసి, లోపల ఇనుప పైపులతో పంజరంలాగా వెల్డింగ్ చేయించి, దానికి రేసు కారు అని పేరు పెట్టుకున్నాడు. ఆదోనిలో వాళ్ల వీధి వాళ్లు దాన్ని కోళ్ల బండి అంటారు. వాడికి కోపం రాదు. నాకు వస్తుంది. వాడికి రావలసిన కోపాలన్నీ చిన్నప్పటి నుంచీ నేనే తెచ్చుకుంటూ అలసిపోయాను.

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద నాకు బండి సామాన్ల అంగడి ఉంది. లారీల బ్రేకు లైనర్లు, జీపుల క్లచ్ ప్లేట్లు, కార్ల బ్రేక్ ప్యాడ్లు, ఫ్యాన్ బెల్టులు, గ్రీజు డబ్బాలు. మా వీధిలో మిగతా ఆడవాళ్ల చీరలకు మగ్గం గుంతల్లోని గంజి వాసన ఉంటుంది, నా చీరకు గ్రీజు వాసన. ఈ అంగడి నేను కోరి పెట్టుకున్నది కాదు. మా ఆయన లారీ తోలేవాడు. ఆదోని నుంచి పత్తి బేళ్లు వేసుకుని తమిళనాడు మిల్లులకు పోయేవాడు. ఒకసారి ఘాట్ దిగుతుంటే బ్రేకులు పట్టలేదు. ఆ రోజు పక్క సీట్లో మా తమ్ముడున్నాడు. అప్పటికి వాడికి చదువు అయిపోయింది, పని దొరకలేదు, ఊరు చూసి వస్తానని బావ వెంట పోయాడు. బండి ఇక చేతిలో లేదని తెలియగానే మా ఆయన వాణ్ణి దూకమన్నాడు. వాడు దూకాడు. కాలు విరిగింది, బతికాడు. మా ఆయన స్టీరింగ్ వదల్లేదు. లారీ మలుపు దగ్గర లోయలోకి పోయింది.

అడిగిన వాళ్లందరికీ ఇంతే చెబుతాను. ఇంతకు మించి చెప్పే ఓపిక నాకు లేదు.

ఒక్కటి మాత్రం నాతో మిగిలిపోయింది. ఏ బండి ఎక్కినా, ఆటో కానీ బస్సు కానీ, బ్రేకు వేయాల్సిన చోటు వచ్చిందంటే నా కుడికాలు దానంతటది కింద నేలను తొక్కుతుంది. డ్రైవర్ తొక్కక ముందే నేను తొక్కేస్తాను. బస్సులో పక్కన కూర్చున్న వాళ్లు చూసి, "కాలు తిమ్మిరెక్కిందామ్మా?" అని అడుగుతారు. అవునంటాను. అంతకంటే తేలికైన జవాబు లేదు.

అలాంటి నాకు ఒక రోజు పొద్దున్నే, అంగడి ముందు నీళ్లు చల్లుకుంటుంటే, తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, బ్రేక్ ప్యాడ్లు కావల్ల."

"ఏ బండికి?"

"నా బండికే. మామూలువి కాదు, రేసువి. నువ్వు ఆర్డరు పెట్టి తెప్పియ్యల్ల. వచ్చే నెల బళ్లారి పక్క పోటీ ఉంది."

"పొద్దన్నే నా తలకాయ తినొద్దు. నీకు రేసేందిరా? నీకు కాలు సరిగ్గా మడవనీకే రాదు."

"బ్రేకు తొక్కనీకి వస్తాదిలే."

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పోటీకి ఇంకా పేరైనా ఇవ్వకముందే కారు తలుపు మీద నంబరు స్టిక్కరు వేయించుకున్నాడు. పత్తి మిల్లులో మోటార్లు చూసుకునే పని వాడిది. అక్కడి మోటార్లు తిరిగితే చాలదా? ఇంటికొచ్చి వీడు కూడా తిరగాలా? ఇదంతా ఫోనులోనే అనేశాను. వాడు అంతా విని, "సరేలే అక్కా, ప్యాడ్లు తెప్పిస్తావా?" అన్నాడు. చెవిటివాని ముందు శంఖం ఊదడమంటే ఇదే.

అప్పుడు నేను ఒక మాట అన్నాను. అనాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. "రేయ్, బ్రేకుకు ఒకణ్ణి ఇచ్చినా. ఇంకొకణ్ణి ఇయ్యను."

 అవతలి నుంచి మిల్లు రొద వినిపించింది. "అందుకే కదక్కా మంచివి అడుగుతాండాను," అన్నాడు చివరికి.

 వద్దంటే మానేవాడు కాదు. నేను తెప్పించకపోతే ఇంకెక్కడో తెప్పించుకుంటాడు, ఏ నాసిరకమో అంటగడతారు. ఎలాగూ తొక్కేవాడైతే నా చేతి మీదుగా వచ్చినవే తొక్కనీ అనుకున్నాను.

బ్రేక్ ప్యాడ్ల గురించి నాకు తెలిసింది ఒక్క ముక్కలో చెబుతాను. మామూలు కారు ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడే పడుతుంది. పొద్దున్నే బండి తీసి వీధి మలుపు దాకా పోయి తొక్కినా ఆగుతుంది. కానీ దాన్ని మళ్లీ మళ్లీ గట్టిగా తొక్కితే వేడెక్కి జారిపోతుంది. కాలు అడుగుదాకా పోతుంది, బండి మాత్రం ఆగదు. రేసు ప్యాడ్ దీనికి పూర్తిగా తలకిందులు. ఎంత వేడెక్కితే అంత గట్టిగా పట్టుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం నిద్ర మత్తులో ఉన్న వాచ్‌మన్ లాంటిది, పిలిస్తే పలకదు. అందుకే నా అంగడికి ఎవరొచ్చినా నేను మొదట బండి పేరు అడగను. "యాడ తోల్తావప్పా?" అని అడుగుతాను. దాన్ని బట్టే సామాను ఇస్తాను.

తమ్ముణ్ణి కూడా అదే అడిగాను. "శానా వేడెక్కుతాదక్కా," అన్నాడు. యాడ తోల్తావంటే ఇది జవాబా? నిలదీసి అడగాల్సింది. కానీ అప్పుడే ఎవరో ట్రాక్టరాయన వచ్చి బేరింగుల కోసం కేకలేస్తున్నాడు, సరే అని ఫోను పెట్టేశాను. సిటీలో ఉన్న డీలరుకు చెప్పి, వేడికి జారని రేసు రకమే తెప్పించాను. ఒక షరతు మాత్రం పెట్టాను. కొత్త ప్యాడ్లు బిగించాక వాటిని రోడ్డు మీద అలవాటు చేయాలి కదా, ఆ రోజు పక్క సీట్లో నేను కూర్చుంటాను. వాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు నాకే ఆశ్చర్యమేసింది.

కొత్త ప్యాడ్ బిగించగానే సరిపోదు. చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కు మీద ప్యాడు రాసుకుని రాసుకుని దానికి సరిగ్గా కుదురుకోవాలి. అందుకు ఒక పద్ధతుంది. బండిని వేగంగా పోనిచ్చి గట్టిగా తొక్కాలి, పూర్తిగా ఆగకముందే వదిలేయాలి, మళ్లీ పోనివ్వాలి, మళ్లీ తొక్కాలి. చివర్లో బ్రేకు ముట్టుకోకుండా ఊరికే నడుపుతూ గాలికి చల్లార్చాలి. ఆదివారం పొద్దున ఆదోని నుంచి హొళగుంద వైపు ఖాళీగా ఉండే రోడ్డు పట్టుకున్నాం. అటూ ఇటూ పత్తి చేలు. తీతకు వచ్చిన పత్తి, పగిలిన కాయలు.

 మొదటిసారి వాడు తొక్కాడు, బండి ఆగలేదు. ఏదో మెల్లగా బతిమాలుకున్నట్టు తగ్గింది. నా కాలు అప్పటికే నేలను గుచ్చేస్తోంది.

"ఏంరా, పట్టలేదే!"

"వేడెక్కల్లక్కా. గమ్మునుండు."

గమ్మునుండాలట. దేవరగట్టు జాతరలో కర్రలతో కొట్టుకునే వాళ్ల మధ్య కూర్చోబెట్టి గమ్మునుండమన్నట్టుంది. వాడు మళ్లీ మళ్లీ పోనిచ్చాడు, మళ్లీ మళ్లీ తొక్కాడు. చేలల్లో పత్తి తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూస్తున్నారు. గొర్రెలాయన ఒకడు తన మందను రోడ్డు దాటించకుండా ఆపుకుని, మేం పోయేదాకా అలాగే నిలబడిపోయాడు. రానురాను బ్రేకు గట్టిపడింది. తొక్కితే సీటు బెల్టు ఎముకల్లో దిగుతోంది. తమ్ముడి ముఖంలో చిన్న నవ్వు కనిపించింది.

అప్పుడు వాసన వచ్చింది.

బ్రేకు కాలే వాసన తెలియని వాళ్లకు ఎలా చెప్పను? వెంట్రుకలు కాలినట్టుంటుంది, లోపల ఇనుము వాసన కలిసి ఉంటుంది. మా ఆయన చొక్కాలు ఉతికేటప్పుడు సబ్బు నురగలోంచి ఆ వాసన వచ్చేది. ఘాట్ నుంచి తెచ్చిచ్చిన సంచిలోని చొక్కాలోంచి కూడా అదే వాసన వచ్చింది. నేను తల తిప్పి చూశాను. నా వైపు ముందు చక్రం నుంచి పొగ లేస్తోంది.

"ఆపు!"

"ఆపకూడదక్కా. ఇప్పుడు ఆపితే ప్యాడు డిస్కుకు అంటుకుంటాది. గాలికి చల్లారల్ల..."

"ఆపుతావా, దూకమంటావా నన్ను?"

ఆ మాట విన్నాక వాడు ఏం చేస్తాడు? ఆపేశాడు. ముఖం తెల్లబోయింది. నేను తలుపు తీసుకుని దిగి, చేతిలో ఉన్న నీళ్ల బాటిలు మూత విప్పి, పొగ వస్తున్న చక్రం లోపలికి గుమ్మరించాను. మా ఆయన అదే చేసేవాడు. ఘాట్ సగం దిగాక దాబా దగ్గర లారీ ఆపి బకెట్లకు బకెట్లు నీళ్లు చక్రాల బ్రేకు డ్రమ్ముల మీద పోసేవాడు. పెళ్లయిన కొత్తలో నేనూ వెంట పోయి చూశాను. ఆవిరి లేస్తుంటే పిల్లవాడిలాగా నవ్వేవాడు. చక్రం కాలితే నీళ్లు పోయాలని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

"అక్కా వద్దు! వద్దక్కా!" అని అరుస్తూ వాడు కుంటుకుంటూ ఇటు చుట్టి వచ్చేలోపల చేలోంచి ఆడవాళ్లు పరుగున వచ్చేశారు.

"పొగొస్తాందమ్మో! నీళ్లు పోయండి, నీళ్లు!"

"ఆ పక్కది కూడా కాల్తాంది సూడు!"

ఒకామె చెంబుతో, ఇంకొకామె ప్లాస్టిక్ క్యానుతో. తాగడానికి ఇంటి నుంచి మోసుకొచ్చుకున్న నీళ్లు. రెండో చక్రం మీద మొత్తం పోసేశారు. బుస్సుమని ఆవిరి లేచింది. దాంట్లోంచి టిక్కుమని ఒక చిన్న చప్పుడు వచ్చింది. గాజు గ్లాసులో మరీ వేడి పాలు పోస్తే వచ్చే చప్పుడు అది. నాకు తెలిసిపోయింది. కాలిన ఇనుము మీద చల్లటి నీళ్లు పోస్తే డిస్కు పగులుతుందని బండి సామాన్లు అమ్మే నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ వాసన తగిలాక ఆ తెలిసినది నా దగ్గర లేదు.

"ఆరిపోయింది లేప్పా, భయపడొద్దు," అంది చెంబు ఆమె, తమ్ముడి భుజం తట్టి.

తమ్ముడు కల్వర్టు గోడ మీద కూర్చుని తల పట్టుకున్నాడు. కాసేపటికి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతున్నాడు. అంత నీరసంగా నవ్విన మనిషిని నేను చూడలేదు. "అన్నీ పాయె అక్కా," అన్నాడు. తర్వాత లేచి, వాళ్ల క్యాను, చెంబు అడిగి తీసుకున్నాడు. ఎండలో సాయంత్రం దాకా పత్తి తీయాల్సిన వాళ్లు, గుక్కెడు నీళ్లు లేకుండా చేశాం కదా. పగిలిన డిస్కులతో బండి గడగడలాడుతుంటే పక్క ఊరి దాకా నడకలాగా నడిపించి, కొళాయి దగ్గర నీళ్లు పట్టి తెచ్చి వాళ్లకు ఇచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టించుకుంటే నాలుగు మాటలు నేనూ తిరిగి అనేదాన్ని, ఇద్దరికీ కడుపులో బరువు దిగేది.

రెండు రోజుల తర్వాత వాడు ఎమ్మిగనూరుకు బస్సులో వచ్చాడు. పగిలిన డిస్కులు సిమెంటు సంచిలో చుట్టి తెచ్చాడు. మధ్యాహ్నం వేళ, అంగట్లో ఎవరూ లేరు. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెప్పించి ముందు పెట్టాను. వాడు తినకుండా డిస్కు మీద పగులును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు.

ఈసారి సరిగ్గా అడిగాను. "యాడ తోల్తావురా? నిజం సెప్పు."

"మూతబడ్డ గనుల కాడ లారీలు నిలిపే మైదానముంది అక్కా. ఆడ రోడ్ల మీద పెట్టే మాదిరి ప్లాస్టిక్ శంకులు పెట్టింటారు. వాటి సందుల్లో తిరిగి రావల్ల. ఒకసారికి ఒక్క కారునే ఇడుస్తారు."

"ఎంతసేపు?"

"నువ్వు ఒక టీ తాగేలోపల అయిపోతాది."

"తర్వాత?"

"మళ్లీ మన వంతు వచ్చేదాకా ఎండలో నిలబెట్టల్ల. ఒక్కోసారి సగం దినం."

"మరి వేడి ఎప్పుడెక్కుతాదిరా?"

 పక్క సందులో మగ్గం టకటకలాడి ఆగింది. "ఎక్కదు," అన్నాడు.

"ఎక్కదని తెలిసీ ఏమిటికి అడిగినావు వాటిని? నిద్రబోయే ప్యాడ్లు బిగించుకుని, మొదటి మలుపులోనే గోడకు కొట్టుకుంటావా? నీకేమన్నా తిక్కా?" అని గట్టిగానే అరిచాను. రోడ్డు మీద పోయే సైకిలాయన తిరిగి చూశాడు.

"బావకు వేడెక్కే కదక్కా పట్టల్యా," అన్నాడు వాడు, డిస్కు మీంచి కళ్లెత్తకుండా. "ఎంత వేడెక్కినా జారనివి కావల్లనుకున్నా. అంతే. మైదానమా, ఘాటా అని యోచన చెయ్యల్యా."

 వాడు మైదానానికి ప్యాడ్లు అడగలేదు, ఆ ఘాట్‌కు అడిగాడు. నేను హొళగుంద రోడ్డులో నీళ్లు పోయలేదు, ఆ ఘాట్‌లో పోశాను. ఇన్నేళ్లయినా అక్కాతమ్ముళ్లం ఇద్దరం ఆ దారి దిగి ఇంటికి రాలేదు.

ఆ పగులు చూసిన దగ్గర్నుంచీ నా మనసులో ఒక ముల్లు దిగి ఉంది. అన్నం సహించడం లేదు. అది కూడా అడిగేశాను. "ఆ దినం బావ నీళ్లు పోసినాడా?"

"ఘాట్ నడిమి దాబా కాడ పోసినాడు. ప్రతిసారీ పోసేవాడు కదా."

"డ్రమ్ములు దానికే పగిలింటాయా?"

"తెలీదక్కా." పగులును మళ్లీ తడిమాడు. "లోడు ఎక్కువుండె. లైనర్లు పాతవి. తెలీదు."

ఇంకెవరైనా అయితే, అట్లాంటిదేం లేదులే అని ఓదార్చేవాళ్లు. వీడు అబద్ధం చెప్పలేదు. దానికి వాణ్ణి మెచ్చుకోవాలో, నెత్తిన మొట్టాలో తెలియక బజ్జీ ప్లేటు వాడి ముందుకు నెట్టాను. "తిను. సల్లారిపోతాంది."

తర్వాత లేచి, అరల్లో వెతికి, నేనే ప్యాడ్లు ఎంచాను. మరీ మామూలువీ కాదు, రేసువీ కాదు. రెండింటికీ నడిమి రకం. చల్లగా ఉన్నా మొదటి తొక్కుడుకే పడతాయి, ఒక టీ తాగేంత సేపు ఎంత గట్టిగా తొక్కినా జారవు. వాడి పనికి అంతకంటే అక్కర్లేదు. "రేసు ప్యాడని సెప్పుకోనీక లేదు, తొక్కగానే పడతాది. నీకు ఏది కావల్ల?" అని అడిగాను. వాడు డబ్బా అందుకుని సంచిలో వేసుకున్నాడు. కొత్త డిస్కులు కూడా ఇచ్చి పంపాను.

మళ్లీ అదే రోడ్డు, మళ్లీ ఆదివారం పొద్దు. ఆదోనిలో వాళ్లింటి ముందు నేను బండి ఎక్కబోతుంటే తమ్ముడు చెయ్యి చాపాడు. "బాటిలు ఇయ్యి."

"తాగనీకిరా!"

"ఇయ్యక్కా. దాహమైతే దావలో సోడా తాపిస్తా."

ఇచ్చేశాను. దాన్ని వాడు వాళ్లింటి కిటికీలో పెట్టి వచ్చాడు. దారిలో మళ్లీ తొక్కాడు, వదిలాడు, తొక్కాడు. ఈసారి మొదటిదానికే బండి ముక్కు వంగి పట్టింది. చివర్లో మళ్లీ ఆ వాసన వచ్చింది. కొంచెం పొగ కూడా. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆపమనలేదు. వాడు బ్రేకు ముట్టుకోకుండా నడుపుతూనే ఉన్నాడు, పత్తి చేలు దాటాయి, కంది చేలు దాటాయి, గాలి వీస్తూనే ఉంది. కొంతదూరం పోయాక వాసన తగ్గింది. ఇంకొంతదూరం పోయాక లేదు. ఎవరూ ఏమీ చేయకుండానే అది చల్లారింది. అది చూశాక నాకు వొళ్లంతా తేలిపోయి, జ్వరం వచ్చి తగ్గినట్టయింది.

పోటీ రోజు ఆ కోళ్ల బండిలోనే బళ్లారి అవతలికి పోయాం. ఎర్ర దుమ్ము, నీడ లేదు. కుర్రాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రంగు కారుతో వచ్చారు, సైలెన్సర్ల మోతకు చెవులు పగిలిపోతున్నాయి. నేను గొడుగు వేసుకుని టైర్ల కుప్ప మీద కూర్చున్నాను. శంకుల మధ్య తిరిగి వచ్చాక, చివర్లో సున్నంతో గీసిన ఒక గడి ఉంది. గీత దాటిన కారు దాని లోపలే ఆగాలి. చాలామంది ఊపు మీద వచ్చి దాన్ని దాటిపోయేవారు, జరిమానా టైము వేయించుకుని కూడా నవ్వుకుంటూ దిగేవారు.

తమ్ముడి వంతు వచ్చింది. అయ్యో రామా, ఏం చెప్పను! పెళ్లి ఊరేగింపులో కారులాగా వచ్చాడు. ప్రతి మలుపుకూ అందరికంటే ముందే బ్రేకు తొక్కాడు. మైకులో మాట్లాడేవాడు కన్నడంలో "నిధానవే ప్రధాన" అని వెక్కిరించాడు, అందరూ నవ్వారు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. అందరికంటే చివర వచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇందుకా డిస్కులు పగలగొట్టుకుంది? ఇందుకా నేను అన్నం మానేసింది? హెల్మెట్ తీసి వస్తుంటే మీద పడ్డాను.

"నీకంటే మా సందులో రిక్షా నయం కదరా! పోవడానికి భయమైతే రేసెందుకు నీకు?"

వాడు చెమట తుడుచుకుని, "టైము సూడొద్దక్కా. ఆ గీత సూడు," అన్నాడు.

చూశాను. సున్నం గడి లోపల, సరిగ్గా నడి మధ్యలో, వాడి టైర్ల గుర్తులున్నాయి. మూడుసార్లు ఆగిన గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిలాగే కనిపిస్తున్నాయి. మిగతా వాళ్ల గుర్తులన్నీ గీత దాటి ఎక్కడెక్కడో ఉన్నాయి.

"బావ దూకమన్యాడు, దూకినా," అన్నాడు వాడు నా పక్కన టైర్ల మీద కూర్చుంటూ. "లేసి సూసేతలికి మలుపులో దుమ్ము తప్ప ఏమీ ల్యా. బండి ఆగేది నేను సూడల్యా అక్కా. అప్పటిసంది ఒకటే. పోతా ఉన్న బండి నా కాలి కింద ఆగల్ల. ఆగేది నేను లోపలుండి సూడల్ల. పరుగు ఎవరికి కావల్ల?"

వీడు అంతా మరిచిపోయాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. వేగం పిచ్చి పట్టిందని ఊరందరితో అన్నాను. ఏడుపు వచ్చింది. అంతమంది కుర్రాళ్ల మధ్య, ఎర్ర దుమ్ములో కూర్చుని, గొడుగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వాడు ఊరుకోమనలేదు. ఎండ నా మీద పడకుండా గొడుగు సర్దాడు.

 తిరుగు దారిలో ఒళ్లంతా దుమ్ము, కళ్లు మండుతున్నాయి. ఆదోని దగ్గర పడుతుండగా దూరంగా రైల్వే గేటు కర్ర కిందికి దిగుతూ కనిపించింది. నా కాలు మామూలుగానే కదిలింది. తమ్ముడు నా కాలి వైపు చూశాడు.

"నాకూ అంతే అక్కా," అన్నాడు. "బస్సులో కూచుంటే నా కాలు కూడా తొక్కుతాది."

ఇద్దరం ఒకేసారి తొక్కాం. గేటుకు బాగా ఇవతలే బండి ఆగింది.